మెరిసేది కొంటున్నామా? కాపాడేది కొంటున్నామా?

మన నెల్లూరు సీమ రైతుకు ‘కారు’ అనే మాట మోటారు రాక ముందే తెలుసు. కారు అంటే పంట కాలము. ఎడగారు వేసినారా, ఈ కారుకు నీళ్లు అందుతాయా అని అడుగుకొనే ఊళ్లు మనవి. ఇప్పుడు అదే మాట చెవిన పడగానే పిల్లల కళ్ల ముందు నాలుగు చక్రాలు తిరుగుతున్నవి. పంట కారు ఇంటికి ధాన్యము తెచ్చును. మోటారు కారు ఇంటికి ఏమి తెచ్చును, ఇంటి నుండి ఏమి తీసుకొని పోవును? ప్రియ చదువరులారా, ఈ నెల ఆ సంగతిని మీతో కలిసి ఆలోచించదలచినాము.

వెంకటాచలము వారికి బండ్లను గూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదు. చెన్నై నుండి కలకత్తాకు పోయే పెద్ద రోడ్డు మన మండలము మీదుగానే పోతున్నది. ఒకప్పుడు 5వ నంబరు జాతీయ రహదారి అనేవారము, ఇప్పుడు అది 16వ నంబరు. కృష్ణపట్నము రేవు లారీలు, రొయ్యల బండ్లు, కొత్త కార్లను రెండు అంతస్తులుగా పేర్చుకొని పోయే పొడవాటి ట్రైలర్లు రాత్రింబవళ్లు ఈ దారిన నడుస్తూనే ఉంటవి. మన టోల్ గేటు దగ్గర ఒక పూట నిలబడితే చాలు, దేశములో ఏ కొత్త మోడలు వచ్చినదో పత్రిక చూడకుండానే తెలిసిపోవును.

అందుచేత మన సంఘాలలోనూ ఆ మాటలే. ఆరాధన ముగిసిన తరువాత చెట్టు నీడన నిలబడిన యువకుల సంభాషణ మేము తరచు వింటూ ఉంటాము. “లీటరుకు ఎంత ఇస్తాదంటన్నా?” అని ఒకరు. “ఇరవై దాకా ఇస్తాదంటబ్బా” అని మరొకరు. “పైకప్పు తెరుచుకుంటాదంట, చూసినావా?” “అది సరే, లోపల టీవీ అంత స్క్రీను పెట్టినారు!” రంగు, మైలేజి, స్క్రీను, పాటల పెట్టె, అన్నీ మాటలోకి వస్తవి. దెబ్బ తగిలితే ఆ బండి లోపలివారిని కాపాడునా అనే ప్రశ్న మాత్రము రాదు. వాళ్లను తప్పు పట్టుట మా ఉద్దేశము కాదు. పెద్దలమైన మనము కూడా షోరూములో అడిగేది అవే ప్రశ్నలు. మనము కంటికి కనబడే దానికి డబ్బు పెడతాము. ప్రాణము కాపాడేది కంటికి కనబడదు గనుక దానికి బేరమాడుతాము. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఈ ఒక్క మాటే.

కోరుకొనుటకు ఏమీ లేని రోజులు

నేటి పిల్లలకు ఇది కథలాగా ఉండవచ్చును గాని, ఒకప్పుడు మన దేశములో ఏ కారు మంచిది అనే చర్చకే చోటు లేదు. అంబాసిడరు లేక ఫియట్టు, అంతే. అంబాసిడరు కారు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాతో బెంగాలులోని ఉత్తరపారాలో తయారయినది. 1950ల చివర మొదలై, పెద్దగా రూపు మారకుండానే 2014 మే నెల వరకు తయారయినది. స్కూటరు కావలెనన్నా డబ్బు కట్టి సంవత్సరాల తరబడి వంతు కొరకు ఎదురు చూచినారు. తండ్రి పేరు వ్రాయించిన బండి కొడుకు పెండ్లికి వచ్చినదని పెద్దలు నవ్వుతూ చెప్పేవారు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. అప్పటి ధర యాభై వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఉద్యోగస్థుల ఇంటి ముందు కూడా కారు నిలబడుట అప్పటి నుండే మొదలయినది. 1991 తరువాత దేశపు తలుపులు తెరచుకొన్నవి. 1998లో మన పొరుగున, చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరులో హ్యుందాయి వారి సాంట్రో తయారయినది. 2016 ఏప్రిల్‌లో మన రహదారి పక్కనే, తడ దగ్గరి శ్రీసిటీలో ఇసుజు వారి కర్మాగారము ప్రారంభమయినది. 2019లో అనంతపురము వైపు పెనుకొండ దగ్గర కియా కార్లు బయటికి వచ్చినవి. ఒకనాడు వేరుసెనగ చేలకు వాన లేక అల్లాడిన ఆ సీమ నుండి నేడు కార్లు విదేశాలకు ఓడలెక్కుతున్నవి. మన తెలుగు బిడ్డలు అక్కడ పని చేసి ఇండ్లు నిలబెట్టుకొంటున్నారు. అది సంతోషించదగిన సంగతే.

ఈ చరిత్రలో ఒక చిన్న కారు కథ మనకు పాఠము చెప్పును. స్కూటరు మీద తండ్రి, తల్లి, మధ్యలో ఇద్దరు పిల్లలు వానలో తడుస్తూ పోవుటను చూచి, అట్టి కుటుంబానికి కాస్త భద్రమైన బండి ఇవ్వవలెనని రతన్ టాటా తలపెట్టినారు. 2008 జనవరిలో నానో కారును లోకానికి చూపినారు. లక్ష రూపాయల కారు అని దేశమంతా చెప్పుకొన్నది. అయినను అనుకొన్నంతగా అమ్ముడు పోలేదు; 2018తో దాని తయారీ ఆగిపోయినది. కారణాలు అనేకము చెప్పుదురు. వాటిలో ఒకటి, అన్నిటికంటె చౌక కారు అనే పేరే దానికి శత్రువయినది. చౌక కారులో దిగుట చిన్నతనము అనుకొన్నారు. మనుష్యులు ప్రయాణము కొరకు మాత్రమే కారు కొనరు, పరువు కొరకు కూడా కొంటారని అక్కడ తేలిపోయినది.

కొత్త మోడలు అనే ఆశ ఎక్కడ పుట్టినది?

ఈ పరువు సంగతి మన దేశములో పుట్టినది కాదు. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో మోడల్ టి అనే కారు తెచ్చినాడు. 1913లో బండి కదులుతూ పోతుంటే పనివారు తలా ఒక భాగము బిగించే పద్ధతి పెట్టినాడు. పన్నెండు గంటలకు పైగా పట్టే పని గంటన్నరకు దిగినది. 850 డాలర్ల బండి 1925 నాటికి 260 డాలర్లకు వచ్చినది. చాలా సంవత్సరాలు దానికి ఉన్నది నలుపు రంగు ఒక్కటే. బండి గట్టిది, చౌక, ఊరి వైద్యునికీ రైతుకూ పనికివచ్చినది.

అప్పుడు జనరల్ మోటార్స్ కంపెనీ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ వేరొక ఉపాయము పట్టినాడు. ఏటేటా రూపు మార్చుట, రంగులు మార్చుట, వాయిదాల మీద అమ్ముట. నిరుటి బండి బాగానే నడుస్తున్నను, దాని యజమాని ఈ యేటి బండిని చూచి తనది పాతబడినదని అనుకొనవలెను. ఇనుము అరుగకముందే మనస్సు అరిగిపోవలెను. ఈ ఉపాయమే నేటికీ నడుస్తున్నది. బండికే కాదు, టీవీకి, ఫోనుకు, ప్రతి యంత్రానికీ.

ఫోను సంగతి చూడండి. మన దేశములో మొదటి సెల్‌ఫోను పిలుపు 1995 జూలై 31న కలకత్తాకు ఢిల్లీకి మధ్య జరిగినది. ఆ రోజులలో నిమిషము మాటకు పదహారు రూపాయల దాకా పడేది. ఇప్పుడు పొలము గట్టు మీద కూలి చేసే అమ్మ చేతిలోనూ ఫోను ఉన్నది. పట్నములోని బిడ్డ ముఖము అందులో చూచుకొంటున్నది, బ్యాంకు డబ్బు అందులోనే చూచుకొంటున్నది. యంత్రము చెడ్డది కాదు. అయితే బాగా పని చేసే ఫోను జేబులో ఉండగా, వెనుక ఇంకొక కెమెరా ఉన్నదని వాయిదాల మీద మరొకటి కొన్నప్పుడు మనము కొన్నది ఫోను కాదు, పొరుగువాని చూపును.

అందరికీ ఇచ్చిన మేలు

1959లో స్వీడను దేశములో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు, భుజము మీదుగా నడుము మీదుగా పోయి ఒకే చోట బిగుసుకొనే మూడు కొసల బెల్టును తయారుచేసినాడు. అంతకు ముందు ఆయన యుద్ధ విమానాల నుండి పైలట్లను బయటికి ఎగరవేసే సీట్ల పనిలో ఉన్నవాడు. దెబ్బకు శరీరము ఏమగునో ఎరిగినవాడు. ఒక చేతితో, ఒక్క క్షణములో పెట్టుకొనునట్లు దానిని కూర్చినాడు. ఆయన పని చేసిన వోల్వో కంపెనీ ఆ హక్కును తన దగ్గరే దాచుకొనలేదు. ఎవరైనా వాడుకొనవచ్చునని లోకమంతటికీ విడిచిపెట్టినది. నేడు ప్రతి కారులో మనము చూచే బెల్టు అదే. అది తళతళ మెరవదు, పాట పాడదు. షోరూములో దానిని చూపి ఎవరూ గొప్పలు చెప్పరు. అయినను కారులోని వస్తువులన్నిటిలో ఎక్కువ ప్రాణాలు నిలిపినవాటిలో అది ముందున్నది.

మన దేశపు లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ప్రకారము 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినారు. అనగా గంటకు 19 మంది. మనము ఆదివారము ఆరాధనకు కూర్చొని లేచేలోగా దేశములో నలభై ఇండ్లలో ఏడ్పు మొదలగుచున్నది. వారిలో మూడింట రెండు వంతులు పల్లె ప్రాంతాలలో పోయినవారే. నూటికి 36 మంది జాతీయ రహదారుల మీద పోయినారు. హెల్మెట్టు లేక పోయినవారు 50,029 మంది. బెల్టు పెట్టుకొనక పోయినవారు 16,715 మంది. వీరిలో సగము మంది బండి నడిపేవారు కారు, పక్కన, వెనుక కూర్చున్నవారు.

వెనుక సీటు వారికి బెల్టు ఎందుకని చాలామంది అడుగుదురు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదములో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినారు. అది ఎంతో ఖరీదైన కారు. వెనుక కూర్చున్న ఇద్దరూ పోయినారు, ముందు కూర్చున్న ఇద్దరూ బ్రతికినారు. వెనుకవారు బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు తెలిపినారు. అంత ఖరీదైన బండి చేయలేని పనిని ఒక పట్టీ చేయగలిగి ఉండునేమో. వెనుకవారు కూడా బెల్టు పెట్టుకొనవలెనని మన దేశములో నియమమే ఉన్నది. పెండ్లికి పోయేటప్పుడు వెనుక సీటులో నలుగురిని సర్ది, బెల్టు కొసలను సీటు కిందికి తోసివేయుట మన అలవాటు. ఆ కొసలను ఈ రోజే బయటికి తీయండి.

పసిబిడ్డను ముందు సీటులో ఒడిలో పెట్టుకొనే తల్లులకు ఒక మాట. ఎయిర్‌బ్యాగు కన్ను మూసి తెరిచేలోగా గొప్ప వేగముతో విప్పుకొనును. పెద్దవారి రొమ్మును కాపాడుటకు చేసిన ఆ సంచి, ఒడిలోని బిడ్డకు దెబ్బ అగును. బిడ్డ స్థానము వెనుక సీటే. వీలైనవారు పిల్లల కొరకు ప్రత్యేకముగా చేసిన సీటును కొని బిగించవలెను.

నక్షత్రాల లెక్క

కారు గట్టిదో కాదో తలుపు వేసినప్పుడు వచ్చే శబ్దమును బట్టి చెప్పేవారు ఉన్నారు. ఇనుము మందముగా ఉంటే మంచి బండి అనేవారూ ఉన్నారు. ఇవి ఊహలు. దీనికి పరీక్ష ఉన్నది. బొమ్మ మనుష్యులను లోపల కూర్చుండబెట్టి, కారును ఒక అడ్డముకు ఢీకొట్టించి, ఆ బొమ్మల తలకు, రొమ్ముకు, కాళ్లకు ఎంత దెబ్బ తగిలినదో కొలుతురు. దానిని బట్టి సున్నా నుండి అయిదు నక్షత్రాల వరకు ఇత్తురు.

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశములో బాగా అమ్ముడగుచున్న అయిదు చిన్న కార్లను, ఎయిర్‌బ్యాగులు లేని రకాలను, గంటకు 64 కిలోమీటర్ల వేగముతో ఢీకొట్టించి చూచినది. అయిదింటిలో ఒక్కదానికీ ఒక్క నక్షత్రమైనను రాలేదు. దేశము ఉలిక్కిపడినది. ప్రభుత్వము, కంపెనీలు, కొనేవారు కూడా అప్పటి నుండే మెల్లగా మేలుకొన్నారు. 2018 డిసెంబరులో మన దేశములో తయారయిన టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు తెచ్చుకొన్నది. 2019 జూలై నుండి నడిపేవారికి, 2022 నుండి పక్క సీటు వారికి కూడా ఎయిర్‌బ్యాగు ఉండి తీరవలెనని నియమము వచ్చినది. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ అనే మన సొంత పరీక్ష మొదలయినది. అయితే ప్రతి కారూ ఈ పరీక్షకు పోయి తీరవలెనను బలవంతము అప్పుడు పెట్టలేదు. కంపెనీ తన ఇష్టముతో పంపినవే పరీక్షకు వచ్చును. అందుచేత “దీనికి ఎన్ని నక్షత్రాలు?” అని అడుగవలసినది కొనే మనమే. జవాబు లేకపోతే అదియు ఒక జవాబే.

మన పల్లెలలో కొనేది ఎక్కువగా పాత కారే. కొన్న ధర తక్కువ గనుక సంతోషముగా ఉండును. అయితే పాత నియమాల కాలపు కారులో ఎయిర్‌బ్యాగు ఉండకపోవచ్చును. ఇంకొక సంగతి, 2015 డిసెంబరులో చెన్నై వరదలలో వేలాది కార్లు నీట మునిగినవి. మునిగిన బండ్లను కడిగి, తుడిచి, దూర ప్రాంతాలలో అమ్మేవారు ఉంటారు. పాత కారు చూచేటప్పుడు కాళ్ల కింది చాపను ఎత్తి చూడండి. తుప్పు, ఒండ్రు మట్టి, ముక్క వాసన ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినను వద్దనండి. నమ్మకమైన మెకానిక్కుకు అయిదు వందలు ఇచ్చి చూపించుట దండగ కాదు. కొన్నవారి పేరు మీదికి ఆర్.సి. మారే వరకు అమ్మినవారు నిద్రపోకూడదు. పేరు మారకముందు ప్రమాదము జరిగితే కాగితములో ఎవరి పేరు ఉన్నదో వారి మెడకే చుట్టుకొనును.

రెండు చక్రాల మీద నలుగురు

ఇంత చెప్పినను, మన సంఘాలలో కారు ఉన్న ఇండ్లు కొన్నే. మోటారు సైకిలు లేని ఇల్లు అరుదు. 2022లో పోయినవారిలో నూటికి 44 మందికి పైగా ఆ రెండు చక్రాల మీద పోయినవారే. ముప్పై వేలు అదనముగా పెట్టి బండి రంగు, సైలెన్సరు మార్చుకొనే కుమారుడు, పదిహేను వందల హెల్మెట్టు కొనమంటే “జుట్టు పోతాది నాయనా” అంటున్నాడు. కొన్నవారు కూడా దానిని ట్యాంకు మీద పెట్టుకొని, టోల్ గేటు దగ్గర పోలీసులు కనబడగానే తలకెక్కించి, దాటగానే దించివేయుదురు. హెల్మెట్టు పోలీసుకు చూపే కాగితము కాదు. గడ్డము కింద పట్టీ బిగించనిది తల మీద ఉండియు లేనట్టే, మొదటి దెబ్బకే ఎగిరిపోవును. ఐ.ఎస్.ఐ. గుర్తు లేనివి అమ్మకూడదని 2021 జూన్ నుండి చట్టమున్నను రోడ్డు పక్కన అవి ఇంకను కనబడుచునే ఉన్నవి.

వెనుక కూర్చున్న భార్యకు కూడా హెల్మెట్టు కావలెను. చీర కొంగు, చున్నీ చక్రములో పడకుండా కట్టుకొనవలెను. నాలుగేండ్ల లోపు పిల్లలకు హెల్మెట్టు, పెద్దవారికి కట్టి ఉంచే పట్టీ ఉండవలెననియు, బిడ్డ ఉన్నప్పుడు బండి గంటకు 40 కిలోమీటర్లు మించకూడదనియు 2022లో నియమము చేసినారు. పదునాలుగేండ్ల కుమారుడు బండి నడుపుతుంటే మురిసిపోయే తండ్రులకు మరొక మాట. 2019లో సవరించిన చట్టము ప్రకారము మైనరు బండి నడిపి నేరము జరిగితే తండ్రికి 25,000 రూపాయల జుర్మానా, మూడేండ్ల వరకు జైలు. ఆ కుర్రవానికి ఇరవై అయిదేండ్లు వచ్చువరకు లైసెన్సు ఇవ్వరు.

వేగము విషయములో ఒక లెక్క గుర్తుంచుకొనండి. వేగము రెండింతలయితే బ్రేకు వేసిన తరువాత బండి ఆగుటకు పట్టే దూరము రెండింతలు కాదు, నాలుగింతలు. కోత కాలములో రాత్రిపూట వెనుక దీపము లేక పోయే ట్రాక్టరు ట్రక్కును పెద్ద రోడ్డు మీద ఢీకొట్టి చనిపోయిన యువకులను మేము మన మండలములోనే సమాధి చేసినాము. ట్రక్కు వెనుక అంటించే ఎర్రటి మెరుపు రేకుకు వంద రూపాయలు కూడా పట్టదు. ట్రాక్టరు ఉన్న రైతు సోదరులు ఆ వంద రూపాయల పని ఈ వారమే చేయవలెను.

నెల వాయిదా, పంట కారు

ఇక అప్పు సంగతి. ఆరు లక్షల అప్పుకు నూటికి ఏడాదికి పది వడ్డీ అనుకొందాము, ఏడేండ్ల గడువు అనుకొందాము. నెలకు వాయిదా సుమారు 9,960 రూపాయలు. ఏడేండ్లకు కట్టేది సుమారు 8,36,700. అనగా వడ్డీ రెండు లక్షల ముప్పై ఆరు వేల పైచిలుకు. ఉద్యోగస్థునికి జీతము నెల నెలా వచ్చును. రైతుకు ధాన్యము డబ్బు కారుకు ఒకసారి వచ్చును, అదియు వాన గాలి కనికరిస్తేనే. ఫైనాన్సు వారు మాత్రము పంట కారును ఎరుగరు, ప్రతి నెలా అయిదవ తేదీని ఎరుగుదురు.

కారు భూమి వంటిది కాదు. బీమా కంపెనీలు విలువ కట్టే లెక్కలో ఒక ఏడాది దాటేసరికి నూటికి ఇరవై తగ్గించుదురు. అయిదేండ్లు వచ్చేసరికి సగమే మిగులును. బంగారము కుదువ పెట్టినను మరల విడిపించుకొనవచ్చును. ఈ తరుగు మరల రాదు. ఇట్లని కారు కొనకూడదని మేము చెప్పుట లేదు. డయాలసిస్సుకు వారానికి రెండు మూడు సార్లు నెల్లూరుకు పోవలసిన ముసలి తండ్రి ఉన్న ఇంటికి కారు అవసరమే. కూరగాయలు, పాలు, చేపలు మార్కెట్టుకు చేర్చి బ్రతికేవారికి బండి చేతి పనిముట్టే. ఏడాదికి నాలుగు పెండ్లిండ్లకు పోవుటకయితే అద్దె కారు చాలును, రోజూ పోవుటకు బస్సు ఉన్నది.

పెండ్లి సంగతి వచ్చినది గనుక బాధతోనే ఒక మాట వ్రాస్తున్నాము. ఒకప్పుడు సైకిలు, గడియారము అడిగేవారు. తరువాత స్కూటరు. ఇప్పుడు కారు. “మేము అడుగలేదండీ, వాళ్లు ఇష్టపడి ఇచ్చినారు” అని పైకి చెప్పుదురు. కట్నము ఇచ్చుట, తీసుకొనుట 1961 నుండియు చట్టము ప్రకారము నేరము. రెండెకరాలు అమ్మి అల్లునికి కారు ఇచ్చిన మామ, ఆ తరువాత ఆ పొలములోనే కూలికి పోవుట చూచి కూడా, ఆ కారును పూలతో అలంకరించి మన గుడి ముందే నిలబెడుతున్నాము. ఆ పూల కింద ఏమున్నదో కాపరులకు, పెద్దలకు తెలియదా?

బీమా విషయము కూడా మరువకండి. ఇతరులకు నష్టము జరిగితే ఇచ్చే థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి నడుపుట నేరము. 2018 సెప్టెంబరు నుండి కొత్త మోటారు సైకిలుకు అయిదేండ్లకు, కొత్త కారుకు మూడేండ్లకు ముందే కట్టించుకొంటున్నారు. ఆ గడువు తీరిన తరువాత చాలామంది మరచిపోవుచున్నారు. ఒక్కసారి మన బండి వలన ఒకరు పోతే, న్యాయస్థానము చెప్పిన నష్ట పరిహారము మన పొలములో నుండి చెల్లించవలసి వచ్చును. ఇప్పుడే లేచి మీ కాగితములో తేదీ చూచుకొనండి.

స్క్రీన్లు, బ్యాటరీలు

కొత్త కార్లలో స్క్రీను పెద్దదయ్యేకొద్దీ కొనేవారి సంతోషము పెరుగుచున్నది. పాత కారులో గాలి తగ్గించవలెనంటే చేతికి ఒక మీట తగిలేది, కన్ను రోడ్డు మీదనే ఉండేది. స్క్రీను మీద వేలు ఎక్కడ పెట్టవలెనో కన్ను చూడవలసినదే. గంటకు 80 కిలోమీటర్ల వేగములో రెండు క్షణాలు చూపు మరల్చితే కారు నలభై నాలుగు మీటర్లు గుడ్డిగా పోయినట్లే. నడుపుతూ చేతిలో ఫోను పట్టుకొనుట చట్టము ప్రకారము ప్రమాదకరమైన నడక కిందికే వచ్చును. తల ఒక ప్రక్కకు వంచి, భుజముతో ఫోను అదిమి మోటారు సైకిలు నడిపేవారు, ఆ పిలిచినవారు పది నిమిషాలు ఆగగలరని గుర్తించవలెను.

కరెంటు స్కూటర్లు మన ఊళ్లలోకి వచ్చినవి. పెట్రోలు ఖర్చు తగ్గును, పొగ ఉండదు, రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగేవారికి అనుకూలమే. అయితే 2022 వేసవిలో దేశములో అనేక చోట్ల వాటికి నిప్పు అంటుకొన్నది. ఆ ఏప్రిల్‌లో విజయవాడలో పడక గదిలో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ రాత్రి పేలి ఒకరు మరణించినారు. ఆ తరువాత 2022 డిసెంబరు నుండి బ్యాటరీల పరీక్షలను కఠినము చేసినారు. ఎంత మంచి కంపెనీదయినను మంచము పక్కన, వంట గదిలో, బయటికి పోయే వాకిలికి అడ్డముగా బ్యాటరీ ఛార్జింగు పెట్టకండి. దానితో వచ్చిన ఛార్జరు తప్ప వేరొకటి వాడకండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే పెట్టకుండా కాస్త చల్లారనివ్వండి.

మిద్దెకు పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక ఆజ్ఞ ఉన్నది. కొత్త ఇల్లు కట్టుకొన్నవాడు మిద్దెకు చుట్టు పిట్టగోడ కట్టవలెను, లేనియెడల దాని మీద నుండి ఎవరైనా పడితే ఆ దోషము ఇంటి మీదికి వచ్చును. ఇల్లు కట్టుకొనవద్దని అక్కడ చెప్పలేదు. అందముగా కట్టవద్దనియు చెప్పలేదు. పిట్టగోడ లేకుండా మాత్రము ఉంచవద్దన్నది. బెల్టు, హెల్మెట్టు, బీమా, మెరుపు రేకు, ఇవే నేటి పిట్టగోడలు. వాటికి అయ్యే ఖర్చును బండి ధరలో భాగముగానే లెక్క వేసుకొనవలెను.

షోరూముకు పోయేముందు ఇంటిల్లిపాది కూర్చొని ఈ ప్రశ్నలు వేసుకొనండి. ఈ బండి రోజూ ఎవరికి, ఏ పనికి ఉపయోగపడును? ఒక కారు పంట పోయినను వాయిదా కట్టగలమా? పక్కింటివారు కొనకపోయి ఉంటే మనము కొనియుండేవారమా? దీనికి ఎన్ని నక్షత్రాలు, ఎన్ని ఎయిర్‌బ్యాగులు? వెనుక సీటులో కూర్చొనే ప్రతివానికీ బెల్టు ఉన్నదా? పాటల పెట్టెకు పెట్టే డబ్బు తగ్గించి మంచి టైర్లకు పెట్టగలమా? ఈ ప్రశ్నలకు భార్య, పెద్ద పిల్లలు కూడా జవాబు చెప్పవలెను. ఎందుకనగా అప్పు అందరిది, ప్రయాణము అందరిది.

చివరగా మరొక సంగతి. దారిలో ప్రమాదము చూచినప్పుడు పోలీసు కేసులో ఇరుక్కొందుమేమోనని తప్పుకొని పోకండి. గాయపడినవానికి సహాయము చేసినవారిని వేధించకూడదని 2019 సవరణతో చట్టములోనే వ్రాసినారు. మంచి సమరయుడు అని మనము ఎరిగిన పేరే ఆ చట్టములో ఉన్నది. పేరు చెప్పుమని కూడా బలవంతము చేయకూడదు. 108 నంబరు అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో ఉన్నది. ఆ నంబరుకు పిలిచి, రక్తము కారే చోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి, మెడను కదల్చకుండా, అంబులెన్సు వచ్చే వరకు పక్కన నిలబడండి. ఆ పనికి ఏ మోడలు కారూ అవసరము లేదు.